కొడితే కళ, కొట్టిస్తే వెట్టి

వార్షికోత్సవం దగ్గర పడుతుందంటే మన హాస్టల్లో పదిహేను రోజుల ముందే సందడి మొదలవుతుంది. స్టడీ అవర్ అయిపోగానే డైనింగ్ హాల్లో బల్లలు పక్కకు జరిపి రిహార్సల్స్ చేస్తాం. సినిమా పాటలకు డాన్సులు, ఒక నాటిక, ఒక ఏకపాత్రాభినయం, అంబేద్కర్ గారి మీద ఒక పాట. వీటితో పాటు ఎవరో ఒకరు "డప్పు నృత్యం కూడా పెడదాం" అంటారు. అక్కడి నుంచి వాదన మొదలవుతుంది.

మేము పదో తరగతిలో ఉన్న సంవత్సరం కూడా ఆ వాదన జరిగింది. డప్పు నృత్యానికి ఏడుగురిని పేర్లు పిలిచి నిలబెట్టారు. అందులో మా మిత్రుడొకడు డప్పు చేతిలోకి తీసుకోలేదు. "మా నాయన ఊళ్లె కొట్టేది సాలదా? ఈడ గూడ నేనే కొట్టాల్నా?" అని అడిగాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు మేమంతా ఒక విషయం గమనించాం. వాలీబాల్ టీముకు ఎవరు బాగా ఆడతారో చూసి ఎంపిక చేశారు. నాటికకు ఎవరి గొంతు బాగుందో చూసి ఎంపిక చేశారు. డప్పుకు మాత్రం ఎవరికి దరువు వచ్చో అడగలేదు. ఎవరు ఏ ఇంటి పిల్లలో చూసి పిలిచారు.

ఆ వచ్చిన ఆదివారం ఆ మిత్రుడి నాయన కొడుకును చూడడానికి వచ్చాడు. జరిగింది విన్నాడు. ఏమీ అనకుండా మూలకున్న డప్పు తీసుకుని, నాలుగు పాత పేపర్లు ముట్టించి, ఆ సెగకు కాచి, వేలితో మీటి చూసి, కొట్టడం మొదలుపెట్టాడు. పావుగంట కొట్టాడు. వంట చేసే అక్కలు కూడా బయటికి వచ్చి నిలబడ్డారు. ఆపిన తర్వాత చెమట తుడుచుకుంటూ ఆయన అన్న మాటలు మాకు ఇప్పటికీ గుర్తే. "ఒకడు పిలిస్తె పోయి కొట్టుడు ఏరే. నాకు బుద్ధయి కొట్టుడు ఏరే. ఇయ్యాల నాకు బుద్ధయింది." తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వు కొట్టకున్నా ఏం గాదు బిడ్డా, నీకు బుద్ధయితెనే కొట్టు" అన్నాడు.

ఇప్పుడు మేము పీజీ చదువుతున్నాం. కళ విలువ ఏమిటి, నిజమైన కళ ఏది, సమాజానికి కళతో పనేమిటి అని పెద్ద పెద్ద పుస్తకాల్లో చదువుతున్నప్పుడల్లా మాకు ఆ ఆదివారమే గుర్తొస్తుంది. ఆ ప్రశ్నలకు మనకు తెలిసిన డప్పుతోనే సమాధానం వెతుకుదామని ఈ వ్యాసం.

డప్పు అంటే ఏమిటి?

మనం చిన్నప్పటి నుంచి చూసిందే అయినా డప్పు ఎలా తయారవుతుందో మనలో చాలామందికి తెలియదు. కొయ్య ముక్కలను వంపుగా చెక్కి, గుండ్రంగా బిగించి చట్రం చేస్తారు. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసి శుభ్రం చేస్తారు. చింతగింజలను నానబెట్టి, నూరి, ఉడికించిన జిగురుతో ఆ తోలును చట్రానికి లాగి అతికించి ఎండబెడతారు. కొట్టడానికి రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతి వేళ్ల మధ్య సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. ప్రాంతాన్ని బట్టి డప్పును పలక అని, తప్పెట అని కూడా అంటారు.

కొట్టే ముందు మంటకు ఎందుకు కాస్తారు? తోలు గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది. వదులైన తోలు నెమ్మదిగా కంపిస్తుంది కాబట్టి శబ్దం బొంగురుగా వస్తుంది. సెగ తగిలితే తేమ పోయి తోలు బిగుస్తుంది. బిగువు పెరిగితే కంపనాల సంఖ్య పెరిగి, శబ్దం కంగున మోగుతుంది. మనం సైన్సులో ధ్వని పాఠం చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం. మన తాతలు అదే పాఠాన్ని చేతి వేళ్లతో నేర్చుకున్నారు. ఎంత దూరంలో పట్టాలి, ఎప్పుడు తీసేయాలి అన్నది తెలియకపోతే తోలు చిట్లిపోతుంది.

ఇక దరువుల సంగతి. పెళ్లి ఊరేగింపుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఒక దరువు, చాటింపుకు ఒక దరువు. పొలంలో పని చేసుకుంటున్న మనిషి దూరం నుంచి దరువు విని ఊళ్లో ఏం జరిగిందో చెప్పగలిగేవాడు. ఫోనులు, మైకులు లేని రోజుల్లో ఊరికి వార్తాపత్రిక డప్పే. మాట లేకుండా అర్థం చెప్పగలగడం తేలిక కాదు. ఇంత నేర్పు ఉన్నదాన్ని కళ అనకపోతే మరి దేన్ని అంటాం?

ఒకే తోలు, రెండు విలువలు

నాట్యశాస్త్రం వాద్యాలను నాలుగు రకాలుగా విభజించింది. తీగ వాద్యాలు తతం, ఊదే వాద్యాలు సుషిరం, తాళాల వంటివి ఘనం, తోలు బిగించినవి అవనద్ధం. ఆ లెక్కన మృదంగం, డప్పు ఒకే కుటుంబం. మృదంగానికి కూడా ఆవు, మేక, గేదె తోళ్లు వాడతారు. అదే తోలు మృదంగమైతే సభలో వేదిక మీద కూర్చుంటుంది. డప్పైతే ఊరి చివర చూరుకు వేలాడుతుంది. తోలులో తేడా లేదు. వాయించే వాడిని సమాజం ఎక్కడ కూర్చోబెట్టింది అన్నదాంట్లో ఉంది తేడా.

మృదంగం తయారు చేసేవారి గురించి ప్రసిద్ధ కర్ణాటక గాయకులు టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాశారు. అది 2020లో వచ్చింది. మహా విద్వాంసుల చేతుల్లో మోగిన మృదంగాలను తయారు చేసిన వారిలో చాలామంది దళిత క్రైస్తవ కుటుంబాల వారని, ఆ నాదం వెనుక వారి చెవి, వారి చెయ్యి ఎంత ఉందో అందులో వివరించారు. విద్వాంసుడి పేరు అందరికీ తెలుసు. తోలును ఎంచి, చీరి, బిగించి, శ్రుతి చేసిన మనిషి పేరు ఆ పుస్తకం వచ్చేదాకా ఎంతమందికి తెలుసు?

దీన్నిబట్టి మాకు అర్థమైంది ఏమిటంటే, కళకు విలువ కట్టేటప్పుడు లోకం కళను మాత్రమే చూడడం లేదు, మనిషిని చూసి కడుతోంది. మనల్ని తక్కువ చేశారు కాబట్టి మన డప్పు తక్కువైంది తప్ప, డప్పు తక్కువది కావడం వల్ల మనం తక్కువ కాలేదు.

మరి మా మిత్రుడు ఎందుకు కాదన్నాడు?

ఇక్కడ ఆగిపోతే వ్యాసం సుఖంగా ముగిసిపోతుంది. "డప్పు గొప్పది, అందరం కొడదాం" అనేయవచ్చు. కానీ మా మిత్రుడి ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. వాడికి డప్పు మోత అంటే కళ కాదు. చీకట్లో తలుపు కొట్టి "ఫలానా వాళ్లింట్లో చావైంది, రా" అని పిలవడం. జ్వరం ఉన్నా పోవాల్సి రావడం. పీనుగు ముందు మైళ్లు నడిచి కొట్టి, దూరంగా నిలబడి, ఇచ్చింది తీసుకుని రావడం. దానికి పేరు వెట్టి.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సమస్యను బాగా అర్థం చేసుకున్నారు. మహారాష్ట్రలో మహర్ల మీద వతన్ అనే వంశపారంపర్య బాధ్యత ఉండేది. కొద్దిపాటి భూమి, కొంత ధాన్యం పేరు చెప్పి రాత్రీ పగలూ ఊరి పనులన్నీ చేయించుకునేవారు. దీన్ని మార్చాలని ఆయన 1928లో బొంబాయి శాసన మండలిలో బిల్లు ప్రవేశపెట్టారు. తండ్రి చేశాడు కాబట్టి కొడుకు చేయాలి అన్న నియమం ఉన్నంత కాలం అది వృత్తి కాదు, బానిసత్వమే అన్నది ఆ ప్రయత్నంలోని సారాంశం. మన దగ్గర 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటం లేవనెత్తిన ముఖ్య సమస్యల్లో కూడా వెట్టి ఒకటి.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం మన చేత బలవంతంగా వెట్టి చేయించడం నేరం. 2015 సవరణతో సాంఘిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా నేరాల జాబితాలో చేరాయి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా, చావుకు డప్పు కొట్టలేదని మెదక్ జిల్లాలోని ఒక ఊళ్లో దళిత కుటుంబాన్ని బహిష్కరించిన సంగతి 2024లో పత్రికల్లో చదివాం. అంటే ఇది పాత కథ కాదు. మన హాస్టల్లో చదువుతున్న ఏ తమ్ముడి ఇంట్లోనైనా ఈ రోజు జరగగలిగే కథ.

అందుకే డప్పును పూర్తిగా వదిలేయాలి అనే పెద్దల మాటను మేము తేలిగ్గా తీసుకోం. వాళ్లు కళను కాదనడం లేదు, మెడకు కట్టిన బరువును దించుకుంటున్నారు. డప్పు మనది, వదులుకోవద్దు అనే వారి మాటలోనూ నిజం ఉంది. వందల ఏళ్ల నేర్పును అవమానం పేరుతో పారేస్తే నష్టపోయేది మనమే. ఈ రెండు మాటలను కలిపే దారి ఆ ఆదివారం ఆ నాయన చెప్పిన దాంట్లోనే ఉంది. బుద్ధయితే కొట్టడం. ఇంకా వివరంగా చెప్పాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. కొట్టేవాడికి కాదనే హక్కు ఉందా? తన కూలి ఇంత అని తానే చెప్పగలడా? తన పేరు చెప్పి తనను పిలుస్తున్నారా? ఈ మూడూ ఉంటే చావు దగ్గర కొట్టినా అది కళే, గౌరవమైన పనే. ఈ మూడూ లేకపోతే వార్షికోత్సవ వేదిక మీద రంగు లైట్ల కింద కొట్టించినా అది వెట్టే.

బిరుదు వేరు, బతుకు వేరు

డప్పు ఒక్కటే కాదు, మన చుట్టూ ఉన్న కళలన్నిటిదీ ఇదే కథ. మాదిగలకు జాంబ పురాణం వినిపించే డక్కలివారి సంగతి చూడండి. ఆదిజాంబవుడు భూమి కంటే ముందే పుట్టాడని ఆ పురాణం చెబుతుంది. ఊరు ఎవరిని చివరి వాళ్లన్నదో, వాళ్లే మొదటి వాళ్లని చెప్పే కథ అది. చదువుకు దూరంగా ఉంచిన రోజుల్లో మనవాళ్లకు ధైర్యం చెప్పిన పుస్తకం అదే అనుకోవచ్చు.

ఆ డక్కలి సమాజం నుంచి వచ్చినవారే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారులు దర్శనం మొగులయ్య గారు. సొరకాయ బుర్రలు, వెదురుతో చేసిన పన్నెండు మెట్ల కిన్నెర ఆయన వాద్యం. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటతో ఆయన గొంతు రాష్ట్రాలన్నీ విన్నాయి. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో మాత్రం ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. నెలనెలా వచ్చే పది వేల రూపాయల భృతి ఆగిపోయిందని ఆయన చెప్పారు. ఆ వార్త చూసిన రోజు మేము చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. కూలి పని చేయడంలో అవమానం లేదు, మన అమ్మానాన్నలు చేసేది అదే. కానీ ఆ చేతులకు మాత్రమే తెలిసిన విద్య ఉంది. ఆ చేతులు ఇటుకలు మోస్తుంటే, ఆ విద్యను నేర్చుకోవడానికి ఆయన ఇంటి పిల్లవాడైనా ఎందుకు ముందుకు వస్తాడు?

2024లో జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. 2025లో తమిళనాడు పఱై కళాకారులు వేలు ఆసాన్ గారికి వచ్చింది. పఱై అంటే మన డప్పుకు చుట్టం లాంటి వాద్యం. వెలివేయబడిన మనిషి అనే అర్థంలో ఇంగ్లీషు వాళ్లు వాడే 'పరయా' అన్న మాట ఆ వాద్యం పేరు నుంచి పుట్టిన కులం పేరే. ఒకప్పుడు ఏ వాద్యం పేరు వెలికి గుర్తు అయిందో, అదే వాద్యం రాష్ట్రపతి భవన్ గౌరవం అందుకుంది. ఇది సంతోషించాల్సిన విషయం. అయితే బిరుదు ఒక్కరికి వస్తుంది, ఆకలి అందరికీ వేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్నారు. 2024 జూలై నుంచి దాన్ని నెలకు 4,000 రూపాయలు చేశారు. ఇలాంటివి పతకం కంటే చిన్నగా కనిపిస్తాయి కానీ, పొయ్యి మీదికి గింజలు వచ్చేది వీటితోనే.

అసలు డప్పు ఏది?

ఈ మధ్య తోలు డప్పు స్థానంలో ఇనుప చట్రానికి ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులు వచ్చాయి. వీటికి మంట అక్కర్లేదు, వానకు తడిసినా ఫరవాలేదు, బోల్టులు తిప్పితే బిగుస్తాయి. "ఇవి అసలైన డప్పులు కావు" అని కొందరు బాధపడతారు. తోలు డప్పు నాదంలో ఉండే నిండుదనం వీటిలో లేదన్నది మేమూ ఒప్పుకుంటాం. కానీ తోలు దొరక్క, తోలు పని చేసినందుకు పడిన మాటలు మర్చిపోలేక, వానాకాలంలో కూడా నాలుగు బేరాలు పోగొట్టుకోలేక ప్లాస్టిక్ డప్పు కొనుక్కున్న మనిషిని "నువ్వు అసలు కళాకారుడివి కాదు" అనే హక్కు ఎవరికుంది? సంప్రదాయం పేరు చెప్పి ఆయన్ను మాత్రం పాత కాలంలోనే ఉండమనడం న్యాయం కాదు.

మా దృష్టిలో నకిలీ అనేది వేరే చోట ఉంది. సినిమా పాటలో కంప్యూటర్ నుంచి తీసిన డప్పు శబ్దం వినిపిస్తుంది, కొట్టిన మనిషి ఉండడు. ఏ పండుగ వేదిక మీదో డప్పుల వాళ్లను ముఖ్య అతిథి కారు ముందు ఎండలో నడిపిస్తారు, వేదిక మీద కుర్చీ మాత్రం ఉండదు. అక్కడ తోలు అసలైనదే, దరువు అసలైనదే, గౌరవం మాత్రం నకిలీ. తోలా ప్లాస్టికా అని అడిగే ముందు, దరువు తెలిసిన మనిషికి ఆ దరువు మీద అధికారం ఉందా అని అడగాలి.

ఊరి కబురు చాటిన డప్పు తన కబురు చాటింది

కళ సమాజానికి ఏం చేస్తుంది అన్న ప్రశ్నకు డప్పు కంటే మంచి జవాబు మాకు దొరకలేదు. వందల ఏళ్లు ఊరి పెద్దల మాటను చాటింపు వేసింది డప్పు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే డప్పు కొట్టి చాటడమే. ఎవరి మాటనో చాటిన డప్పు మొదటిసారి అంత పెద్దగా తనను కొట్టే వాడి మాటను చాటింది. అప్పటిదాకా చెప్పుకోవడానికి సిగ్గుపడిన కులం పేరును పేరు పక్కన పెట్టుకునే ధైర్యం చాలామందికి ఆ మోతతో వచ్చింది. వర్గీకరణ మీద మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ సిగ్గును గొంతుగా మార్చిన శక్తి ఆ డప్పుకు ఉందని ఒప్పుకోక తప్పదు. 2002లో మొదలైన తెలంగాణ ధూంధాంలోనూ డప్పు లేని వేదిక లేదు. అక్కడ కులం చూడకుండా డప్పు పట్టుకున్న విద్యార్థులను, మహిళలను చూశాం. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ల డప్పు దళాలు ఉన్నాయి. మగవాళ్ల చేతిలోనే ఉండాలి, ఒక కులం చేతిలోనే ఉండాలి అన్న రెండు గోడలూ డప్పు మోతకు కొద్దికొద్దిగా బీటలు వారుతున్నాయి.

మన హాస్టల్లో ఏం చేద్దాం?

వార్షికోత్సవంలో డప్పు ఉండాలా వద్దా అని ఇక వాదించుకోవద్దు. ఎలా ఉండాలో ఆలోచిద్దాం. ఒకటి, పేర్లు పిలవడం మానేద్దాం. ఇష్టమున్న వారు చేతులెత్తాలి, ఏ కులం వారైనా సరే. రెండు, కాదన్న వాడిని వెక్కిరించవద్దు, వాడి కాదనడంలో కూడా ఒక చరిత్ర ఉంది. మూడు, నేర్పడానికి మన ఊళ్ల నుంచి డప్పు తెలిసిన పెద్దలను పిలుద్దాం. డాన్స్ మాస్టరుకు ఎంత ఇస్తామో వారికీ అంతే ఇద్దాం, పేరు కరపత్రంలో వేద్దాం. నాలుగు, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతలను అడిగి దరువుల పేర్లు నోటుబుక్కులో రాసుకుని, ఫోనులో రికార్డు చేసుకుని వద్దాం. మనది అక్షరం చూసిన మొదటి తరం. మన తాతల దగ్గర ఉన్నది మనం రాయకపోతే రాసేవారు ఇంకెవరూ లేరు.

చివరిగా మా మిత్రుడి సంగతి చెప్పాలి. ఆ సంవత్సరం వాడు డప్పు కొట్టలేదు. మిగతా ఆరుగురు కొట్టారు. ఏడో డప్పు వాలీబాల్ టీము నుంచి ఇంకో కులం కుర్రాడు తీసుకున్నాడు. వాడికి రెండు రోజులు వేళ్లు వాచిపోయాయి. కార్యక్రమం మొదలయ్యే ముందు మా మిత్రుడు తనంతట తానే వెళ్లి మైకు అడిగి తీసుకున్నాడు. దరువు నేర్పింది ఎవరో, ఏ ఊరో, తన నాయన పేరు అందరికీ వినపడేలా చెప్పాడు. మన హాస్టల్ మైకులో మన ఊరి డప్పు కళాకారుడి పేరు వినపడడం అదే మొదటిసారి. ఆ పేరు విన్నప్పుడు మోగిన చప్పట్లు మాకు ఇంకా వినపడుతున్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే వార్షికోత్సవంలో కొట్టాలనిపిస్తే కొట్టండి, వద్దనిపిస్తే వద్దనండి. రెండూ తల ఎత్తుకుని చేయండి.

జై భీమ్.